విత్తనం వంకాయకి చుక్కనీళ్ళు

మాది మల్కాపురంలో రెండు గదుల డాబా. పెరడు లేదు. మొక్కలన్నీ మేడ మీదే, పెయింటు డబ్బాల్లోనూ పగిలిన బక్కెట్లలోనూ సిమెంటు సంచుల్లోనూ పెంచుతున్నాను. కొన్న కుండీ ఒక్కటి లేదు. రెండ్రోజులు వదిలేస్తే పోర్టు బొగ్గుదుమ్ముకి ఆకుల మీద నల్లటి మసి పట్టేస్తుంది, అందుకని తడిగుడ్డతో తుడుస్తుంటాను. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన మొదటి నీళ్ళు, అన్నీ మెట్లెక్కి మొక్కలకి చేరాల్సిందే. కుళాయి వచ్చేది గంటసేపు. ఆ నీళ్ళని కాలవలో పారబోస్తే నాకు అన్నం సయించదు.

మొన్న వేసవిలో నా కుడికంటికి శుక్లం తీయాలన్నారు. పది రోజులు మెట్లెక్కకూడదట, వంగకూడదట, బరువెత్తకూడదట. అన్నీ విని, "మరి మొక్కలకి నీళ్ళు?" అని అడిగాను. డాక్టరమ్మ నవ్వి, "ఇంట్లోవాళ్ళు చూసుకుంటారులెండి మామ్మగారూ" అంది. ఇంట్లోవాళ్ళు ఎవరు? కొడుక్కి పోర్టులో షిఫ్టు డ్యూటీ. కోడలు బట్టల కొట్లో బిల్లులు కొడుతుంది, తొమ్మిదికి వెళ్తే ఏడు దాటాక వస్తుంది. మండే ఎండల్లో సిమెంటు మేడ మీద డబ్బాలో ఉన్న మొక్కకి ఒక్కపూట నీళ్ళు తప్పినా తలవాల్చేస్తుంది.

తక్కినవి ఎండిపోతే పోనీ అనుకునేదాన్నేమో. ఆకుకూరలు మళ్ళీ చల్లుకోవచ్చు. నా బెంగంతా వంగమొక్కల మీద. అవి మా పుట్టినూరి ముళ్ళ వంకాయలు. తొడిమ పట్టుకుంటే వేలికి గుచ్చుతాయి, కూర మాత్రం వెన్నలా ఉడుకుతుంది. మా ఊళ్ళో ఇప్పుడవి ఎవరూ వెయ్యడం లేదు, పొలాలన్నీ ఇళ్ళస్థలాలైపోయాయి. నా దగ్గరున్న విత్తనం కిందటి వానల్లో చెమ్మ తగిలి బూజు పట్టింది. మంచివి ఏరితే చిటికెడు తేలాయి. ఆ చిటికెడూ పోస్తే నాలుగే మొక్కలు లేచాయి. నాలుగింటికీ ఒక్కో కాయ విత్తనానికి వదిలి, ఎవరూ కోయకుండా పాత చీర పీలిక కట్టాను. మా అమ్మా అలాగే కట్టేది. అవి పండి పసుపు రంగుకి తిరగడానికి ఇంకా మూడు వారాలు కావాలి. ఈ నాలుగూ పోతే ఆ వంకాయ ఇంక లేదు. డబ్బిచ్చి కొందామన్నా దొరకదు.

మా కోడలు ఫోన్లో ఏదో చూసి వచ్చింది.

"అత్తా, డ్రిప్పు పెట్టుకుందాం. డ్రమ్ములో నీళ్ళు నింపీసి కుళాయి తిప్పితే సాలు, సన్న గొట్టాల్లోంచి ప్రతి మొక్క కాడా సుక్క సుక్క పడతాది."

"సుక్కలతో మొక్కలు బతుకుతాయేటే? రేపు నా కంట్లో ఏసే మందు కూడా అంతకన్నా దారగా పడతాదేమో."

"రైతులు ఎకరాలకి ఎకరాలు పెడతన్నారు. నీవి ముప్పై డబ్బాలు."

గాజువాకలో సామాన్లు కొనడానికి నేను కూడా వెళ్ళాను. నల్ల గొట్టం, దానికి గుచ్చే సన్న గొట్టాలు, వాటి చివర పెట్టడానికి గుండీలంత డ్రిప్పర్లు, చివరికొక మూత. కొట్టతను ఒక జల్లెడ డబ్బీ కూడా బల్ల మీద పెట్టాడు. డ్రమ్ము కుళాయి దగ్గర బిగించుకోవాలి, చెత్త ఆపుతుంది, ఫిల్టర్ అన్నాడు. నాది మూడో తరగతి చదువు, అయినా డబ్బీకి అంటించిన కాగితం మీద బొమ్మ చూస్తే అర్థమవుతుంది. "మాది తాగే నీళ్ళు బాబూ, అందులో సెత్తేటుంటాది" అని దాన్ని పక్కకి నెట్టేశాను.

ఆదివారం పూట కొడుకూ కోడలూ కలిసి బిగించారు. డ్రమ్ముని రెండు వరసల ఇటుకల మీద ఎత్తుగా పెట్టారు. మెట్ల గుమ్మం దగ్గర ఆకుకూరలతో మొదలై, గొట్టం పిట్టగోడ పొడుగునా వెళ్ళి, ఎండ బాగా తగిలే ఆ చివర వంగమొక్కల దగ్గర ఆగింది. కుళాయి తిప్పి గంటయ్యాక ఒక డబ్బాలో వేలు పెట్టి చూశాను. పైన పొడిగానే ఉంది గాని లోపల రెండు కణుపుల మేర చల్లగా తడి. డబ్బా అడుగునుంచి ఒక్క బొట్టు బయటికి కారలేదు. చెంబుతో పోస్తే సగం నీళ్ళు అడుగునుంచే పోయేవి. ఇన్నేళ్ళూ ఎన్ని నీళ్ళు మేడకి తాగించానో అనుకున్నాను.

ఆపరేషన్‌కి ముందురోజు చేపలామె వచ్చింది. జాలరిపేటనుంచి ఆటోలో వస్తుంది, గంప మా అరుగు మీదే దింపుతుంది.

"మామ్మా, కవళ్ళు. పొద్దుటేళ వలలోయి. కన్ను కోయించుకోడానికి ఎల్తన్నావంట కదా, తిని ఎల్లు."

"కన్ను కోయించుకుంటన్నాను గాని కన్ను మూసుకోడంనేదు. తక్కెడ సరిగ్గా పట్టు."

కవళ్ళకి పొలుసు ఎక్కువ. ఉప్పూ బూడిదా వేసి రుద్దేముందు మొదటి నీళ్ళు విడిగా తీశాను. మొక్కలకి దానంత బలం ఇంకోటి లేదు. పది రోజులపాటు నేను మేడెక్కను, వీటికి ఆ బలం ఎవరు పెడతారని ఆలోచించాను. డ్రమ్ములో పోసేస్తే గొట్టమే అన్నింటికీ సమంగా పంచుతుంది కదా అనిపించింది. బక్కెట్టు పైకి మోసుకెళ్ళి డ్రమ్ములో ఒంపి కర్రతో కలిపాను. ఎవరికీ చెప్పలేదు. దాచిందీ లేదు. పులుసులో ఉప్పెంత వేశానో ఎవరికైనా చెబుతానా?

ఆపరేషన్ అయ్యాక కంటికి గంత, పైన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కింది గదిలో కూర్చోవడమే నా పని. కోడలు పొద్దున్నే పైకెళ్ళి కుళాయి తిప్పేది, కొట్టునుంచి వచ్చాక కట్టేది.

"నీళ్ళు పడతన్నాయేటే?"

"పడతన్నాయత్తా. తోటకూర ఎంత పచ్చగుందో."

అయిదో రోజున, "డ్రమ్ము సగం కూడా అవలేదత్తా, సూసేవా ఎంత పొదుపో" అంది. రెండ్రోజులకోసారి నింపుకోవాలని కొట్టతను చెప్పిన మాట గుర్తుండీ నేను సంతోషించాను. చేపలామెతో చెప్పుకున్నాను కూడా. నీళ్ళు మిగిలాయన్న మాట వింటే నాకు ఇంకే ప్రశ్నా తోచదు. డ్రమ్ములో మిగిలాయంటే మొక్కలు తాగలేదనే కదా? ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు.

ఏడో రోజు కోడలికి సెలవు. దుప్పట్లు ఆరేయడానికి మేడ ఆ చివరికి వెళ్ళి, గబగబా దిగొచ్చింది. డ్యూటీ దిగొచ్చిన కొడుకు టిఫిన్ తింటున్నాడు.

"అత్తా, వంగమొక్కలు వాడిపోనాయి. నాలుగూను."

నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆ చల్లదనం నోటికి మాత్రం అంటలేదు. "కుళాయి సగం తిప్పి దిగొచ్చీసుంటావు. గుమ్మం కాడ తోటకూర సూసి పచ్చగుందని నాకు సెప్తన్నావు. ఆ సివరికి నాలుగడుగులు ఎయ్యడానికి కాళ్ళు రాలేదేటి నీకు? నా కన్ను మూసుంటే ఇల్లంతా మూసుకున్నట్టే" అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. కొడుకు తల వంచుకుని ఇడ్లీ చిదుపుతున్నాడు.

కోడలు నా చెయ్యి అందుకుని, "సివరిదాకా సూడనిది నా తప్పే. కుళాయి మాత్రం పూర్తిగా తిప్పేను. రా, నువ్వే సూడు. నాను పట్టుకుంటాను" అంది.

డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, ఒక చెయ్యి గోడ మీదా ఒక చెయ్యి దాని భుజం మీదా వేసి ఒక్కో మెట్టే ఎక్కాను. వంగాకులు కాలిన అప్పడాల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. పీలికలు కట్టిన కాయలు మెత్తబడి వేలాడుతున్నాయి. కోడలు నన్ను ఇటుకల మీద కూర్చోబెట్టి, చివరి డ్రిప్పర్ పీకి మూత తిప్పింది. లోపల బూడిదరంగు జిగట. దాన్ని గోటితో తీసి నా అరచేతిలో పెట్టింది. ఒక కన్నుకి గంత, రెండోది మసక, ఏమీ కనబడలేదు. బొటనవేలితో నలిపి చూశాను. గుండ్రంగా, పల్చగా, గట్టిగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకోకముందే వాసన వచ్చేసింది.

"ఏటత్తా ఇది?"

ఏ పిట్టో ముక్కుతో తెచ్చి పడేసిందని అంటే అది నమ్మేది. నమ్మకపోయినా నమ్మినట్టు ఊరుకునేది.

"పొలుసు. కవళ్ళ నీళ్ళు డ్రమ్ములో నానే పోసేను" అన్నాను.

అది నావంక చూసింది, డ్రమ్ము మూత తీసి లోపలికి చూసి ముక్కు మూసుకుంది. "ఓలమ్మో! వారం నుంచీ తడిబట్టలాసన అనుకుంటన్నాను" అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. చెంబుతో వంగమొక్కల మొదళ్ళు తడిపి, ఆరేసిన దుప్పటే తీసి వాటికి నీడగా కట్టింది.

ఆ పూటంతా పట్టింది. డ్రమ్ము వంపేసి కడిగింది, కొత్తనీళ్ళు పట్టింది. గొట్టం చివరి మూత తీసి ఒక్కసారి నీళ్ళు వదిలితే నల్లగా, కుళ్ళు కంపుతో బయటికొచ్చాయి. డ్రిప్పర్లన్నీ ఊడదీసి వేణ్ణీళ్ళలో వేసి, పాత పళ్ళబ్రష్‌తో ఒక్కొక్కటే తోమింది. కన్నం నాకు కనబడదు కనుక, బిగించాక ప్రతి దాని కింద నేను బొటనవేలు పెట్టాను. చుక్క పడితే ఊఁ అన్నాను, పడకపోతే మళ్ళీ తీయమన్నాను. సాయంత్రం కొడుకు ఆ ఫిల్టర్ తెచ్చి బిగించాడు.

కొడుకు ఎదుట అన్న మాటలు కొడుకు ఎదుటే వెనక్కి తీసుకోవాలి. అన్నాల దగ్గర, "పొద్దున్న నీ పెళ్ళాన్ని ఉత్తినే అన్నాను. దాని తప్పు పిసరంత, మిగతాదంతా నాదే" అని జరిగింది చెప్పాను.

వాడు ముద్ద గొంతుకడ్డం పడేలా నవ్వాడు. "మొక్కలకి సేపల పులుసు పెట్టీసేవేటమ్మా? సింతపండు మరిసిపోనావు."

అప్పుడు కోడలూ నవ్వింది. "పొద్దున్నంతా నాకు కడుపు రగిలిపోనాదత్తా" అంది నవ్వుతూనే. ఆ మాట నిజమే. చేప ముక్క దాని కంచంలో వేశాను.

మూడు మొక్కలు పోయాయి. వాటి కాయలు కోసి చూస్తే గింజలు తెల్లగా, నీళ్ళలో వేస్తే పైకి తేలే తప్పలు. నాలుగో మొక్క పైనంతా ఎండినా మొదట్లో పచ్చిగా ఉంది. ఎండింది కత్తిరించేశాం. పన్నెండు రోజులకి పక్కనుంచి రెండు చిగుళ్ళు వేసింది. వానలు పట్టాక పూత పూసింది. నిలిచిన మొదటి కాయని కూరకి కోయనివ్వలేదు. అది పసుపు తిరిగి, మెత్తబడి, తనంతట తనే తొడిమ వదిలేదాకా రోజూ చూశాను.

గింజలు కడిగి, బూడిద పట్టించి, నీడన ఆరబెట్టాను. ఈసారి మాత్రం సీసాలో పోసి బీరువాలో పెట్టుకోలేదు. ఇప్పటిదాకా ఈ విత్తనం అడిగిన ఏ ఒక్కరికీ ఇచ్చినదాన్ని కాను. కాయలు ఇచ్చేదాన్ని, అదీ లేతవి. ఒక్క డ్రమ్ము మీద, ఒక్క మనిషి తెలివి మీద వదిలితే ఏమవుతుందో చూశాక సగం గింజలు కాగితంలో మడిచి కోడలి చేతిలో పెట్టాను. దువ్వాడలో వాళ్ళ అమ్మకి పెరడుంది, బావి ఉంది.

"మీ అమ్మనెయ్యమను. మొదటి కాయ విత్తనానికి ఉంచాల, తినకూడదు. పొరుగామె అడిగితే ఇమ్మను."

"నువ్వేనేటత్తా ఈ మాటంటన్నది?"

"నానే. మడత గట్టిగా పెట్టు, గింజలు రాలిపోతన్నాయి" అన్నాను.