పేరు కత్తిరించిన మాత్రలు

మందుల షాపు కౌంటరు వెనక పదహారేళ్లుగా నిలబడుతున్న ఆమెను ఆ వీధిలో అందరూ మందులక్క అంటారు. చక్కెర జబ్బు మాత్రలు కొనేవాళ్లు గొంతెత్తి అడుగుతారు. దిగులు మాత్రలు కావలసినవాళ్లు మాత్రం పక్కమనిషి వెళ్లేదాకా దగ్గు బిళ్లల డబ్బాలు చూస్తూ తచ్చాడతారు. "అక్కా, పేరు కనబడకుండా ఇవ్వవా?" అంటారు లోగొంతుకతో. ఆమె అట్టమీద పేరున్న అంచులు కత్తిరించి, కవర్లో వేసి ఇస్తుంది. గడువు తేదీ కూడా ఆ ముక్కతోనే పోతుందని ఆమెకు తెలుసు. జబ్బుకంటే జనానికి ఎక్కువ భయపడేచోట కత్తెరకు తీరిక ఉండదు.

మొట్టమొదట అలా కత్తిరించి ఇచ్చింది సొంత తండ్రికే. ఆయన వెల్డరు. పన్నెండేళ్ల కిందట మూడు నెలలు మంచం దిగలేదు. నడుంనొప్పి అని అందరికీ చెప్పారు. మందు పడ్డాక, నెలన్నరకు లేచి పనిలోకి వెళ్లాడు. అప్పుడు హాస్టల్లో ఉన్న కొడుక్కి ఈ సంగతి చెప్పకూడదని కూతురి దగ్గర మాట తీసుకున్నాడు.

ఆ కొడుకిప్పుడు లిఫ్టు మెకానిక్. మూడు నెలలుగా లిఫ్టు తలుపు తీసి కిందికి చూస్తే చాలు, ఒళ్లంతా చెమట, చేతిలో పానా నిలవదు. ఇంట్లో ఒకచోట కూర్చోడు. వంటింట్లోంచి వరండాకి, వరండాలోంచి వంటింట్లోకి. డాక్టరమ్మ ఇచ్చిన మందు ఏడు వారాలు వాడినా గుణం కనిపించలేదు.

"మందు మానేస్తున్నానక్కా. ఉద్యోగం కూడా. ఇది జబ్బు కాదు, నా చేతకానితనం. నాన్న ఎప్పుడైనా ఇలా డీలాపడ్డాడా?"

తండ్రి పేపర్లోంచి తలెత్తకుండా అన్నాడు: "మగాడన్నాక గుండె దిటవుగా ఉండాల్రా."

ఆమెకు ఒళ్లు మండింది. తమ్ముడు అటు వెళ్లగానే పేపరు లాగేసింది.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"మాటిచ్చావ్. కొడుకు ముందు నా పరువు తియ్యకు తల్లీ."

"నీ పరువుకేం ఢోకా లేదులే. వాడే మనిషి కాకుండా పోతున్నాడు!"

ఆయన మళ్లీ పేపరందుకున్నాడు. ఎలాగో బతిమాలి తమ్ముణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ కాగితాలు తిరగేసి మళ్లీ అడిగింది: "ఇంట్లో ఇంకెవరికీ లేదన్నారు కదా?"

"ఎవరికీ లేదండీ," అన్నాడు తమ్ముడు.

"మా నాన్నకుంది," అంది ఆమె. వాడిన మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లకు తగ్గిందో అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

డాక్టరమ్మ పెన్ను బల్లమీద పెట్టింది. "మొదటిరోజే మీ ఇద్దర్నీ అడిగాను. మందుల షాపు మనిషివి, నువ్వు కూడా దాస్తే ఎలాగమ్మా?" తర్వాత తమ్ముడివైపు తిరిగింది. "తండ్రికుంటే కొడుక్కి వచ్చితీరాలని లేదు. వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, అంతే. ఏదో ఒక్క జన్యువు చేసే పని కాదిది, ఎన్నో చిన్నచిన్నవి కలుస్తాయి. దానికి నిద్రలేమి, పని ఒత్తిడి తోడవుతాయి. మెదడులో కబుర్లు మోసే రసాయనాల నడక మారిపోతుంది. చేతకానితనం కాదు. నాన్నకు పనిచేసిన మందు నీకూ పనిచెయ్యొచ్చు. ఖాయమని చెప్పను. కానీ ముందే తెలిస్తే దాంతోనే మొదలుపెట్టేదాన్ని."

బయటికి రాగానే తమ్ముడు విరుచుకుపడ్డాడు. "ఏడు వారాలు నన్ను నేను తిట్టుకుంటుంటే పక్కనే కూర్చుని చూశావా? నువ్వేం అక్కవే!"

దారంతా వాడు నాలుగడుగులు ముందే నడిచాడు.

ఇంటికి రాగానే వాడు తండ్రి ఎదుట నిలబడ్డాడు. ఆయన కూతురి ముఖం చూసి సంగతి గ్రహించాడు. చొక్కా గుండీ పెట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయాడు.

"నీక్కూడా చేతులు వణికేవా?"

"వెల్డింగు టార్చి పట్టుకోలేకపోయేవాణ్ణి." గుండీ వదిలేసి అన్నాడు: "మొదటి రెండు వారాలు ఇంకా అవస్థగా ఉంటుందిరా. మానెయ్యకు. నాలుగో వారం దాకా నాకూ ఏం తెలియలేదు."

"ఈ ముక్క మొన్న చెబితే ఏం పోయేది నాన్నా?"

తమ్ముడు మళ్లీ వంటింటికి, వరండాకి తిరగడం మొదలుపెట్టాడు. మూడోసారి తిరిగొచ్చి, డాక్టరమ్మ రాసిన కొత్త చీటీ అక్క చేతిలో పెట్టాడు.

"షాపు మూసేలోపు తీసుకురా. పేరుతో సహా."