గొలుసుకు కట్టిన కుట్టుదారం

నా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి మొత్తానికీ గొలుసు వేసి తిప్పే కుక్క మాదొక్కటే. పేరుకే సీజర్, జాతికి అచ్చం ఊరకుక్క. గొలుసు తగిలించడమే ఆలస్యం, ఎద్దు బండిని లాగినట్టు మనిషిని లాక్కుపోయేది. ఒకరోజు కాలవ గట్టు మీద మా నాయనమ్మను అలాగే లాగి పడేసింది. ఆవిడ మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి కూడా, "దాన్నేం అనకండ్రా, నోరులేని జీవం" అంది మహాతల్లి.

మా నాన్న వింటేనా! లాగితే మెడకు బిగుసుకునే ఇనప పట్టీ ఒకటి గుంటూరు నుంచి తెచ్చారు. "ఆదివారం దాకా చూస్తా. దారికి రాకపోతే వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీకి కాపలాకి ఇచ్చేస్తా. రాత్రీ పగలూ అక్కడే కట్టేసుంచుతారు" అన్నారు. నాన్న మాటంటే మాటే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మొదటిరోజే ఘోరం జరిగింది. నాన్న పట్టీ తొడిగి ఒక్క గుంజు గుంజారు. అది బిగుసుకుంది, మళ్ళీ వదులు కాలేదు. సీజర్ గురగురమంటూ నాలుక బయటపెట్టి పక్కకు ఒరిగిపోయింది. నేను వీధి దద్దరిల్లేలా అరిచాను. ఎదురింటి మిలట్రీ తాతయ్య పరుగున వచ్చి పట్టీ సడలించారు. ఆయన పటాలంలో కుక్కలకు తర్ఫీదు ఇచ్చిన మనిషి.

"ఏంటయ్యా ఇది, తిరగేసి తొడిగావు! బిగుసుకోవడం ఒక్కటే కాదు, వెంటనే వదులవాలి. ఆ వదులు కోసమే కుక్క మాట వింటుంది" అని కేకలేశారు. నాన్న ముఖం ఎర్రబడింది కానీ పెద్దాయనను ఏమనగలరు? "ఆదివారం దాకానేనండి బాబాయిగారూ" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నుంచి తాతయ్య గొలుసు నా చేతికిచ్చి నేర్పడం మొదలుపెట్టారు. సీజర్ లాగితే నేను ఆగిపోవాలట. గొలుసు వదులైన మరుక్షణం మెచ్చుకుని అడుగు వెయ్యాలట. వినడానికి ఎంత తేలికో! నాకసలే ముక్కు మీద కోపం. అది లాగితే నేనూ లాగేదాన్ని, పైపెచ్చు తిట్లు. తాతయ్య రెండ్రోజులు చూసి, ఇంట్లోంచి కుట్టుమిషను దారం పట్టుకొచ్చి గొలుసుకూ మెడపట్టీకీ మధ్య వేలెడు ముక్క కట్టారు. ఎవరు గట్టిగా లాగినా పుటుక్కున తెగుతుంది.

వాళ్ళ పెరట్లో నడిపించాను. తెగింది. మళ్ళీ కట్టారు, మళ్ళీ తెగింది. "వెధవ కుక్కా!" అని నేను చెయ్యెత్తబోతే తాతయ్య ఆపారు.

"దాన్ని చూడవే. అది నిలబడే ఉంది. తెంపింది నువ్వే."

నిజంగానే సీజర్ కదలకుండా నా మొహంలోకి చూస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది. అప్పటిదాకా నా చేతి సంగతి నేను ఆలోచించనే లేదు.

ఆదివారం పొద్దున్నే వేటపాలెం మనిషి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. తాతయ్య మా నాన్నతో, "ఈ దారంతో కాలవ వంతెన దాకా వెళ్ళొస్తే కుక్క మీది. తెగిందా, తీసుకుపొమ్మను" అన్నారు. నాన్న దారాన్ని చూసి నవ్వారు. "సరేనండి" అని మా వెనకే నడిచారు.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాం. తిరిగొస్తుంటే మాంసం కొట్టు దగ్గర వీధికుక్కలు మొరుగుతూ మీదికొచ్చాయి. సీజర్ వీపు మీద వెంట్రుకలు లేచాయి. దారం సాగి బిగుసుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి గుంజమని నా చెయ్యి ఒకటే పోరు. "గుంజు, గుంజెయ్!" అని నాన్న కూడా అరిచారు.

గుంజలేదు. సీజర్ వైపే ఒకడుగు ముందుకు వేశాను. దారం సడలింది. "సీజర్, ఇంటికి పోదాం రా" అన్నాను. అది ఆ కుక్కల వైపొకసారి, నా వైపొకసారి చూసి, నా పక్కకు వచ్చేసింది.

ఇంటికొచ్చాక నాన్న వంగి ఆ దారాన్ని వేలితో తడిమి చూశారు. వేటపాలెం ఆయనతో "ఇవ్వట్లేదులే, ఏమనుకోకు" అన్నారు. కుక్క తల నిమరబోయి, ఎందుకో నా తల నిమిరారు. నాయనమ్మ కట్టుతోనే దేవుడికి దండం పెట్టుకుంది. ఆవిడ చెయ్యి నయమయ్యాక సీజర్ ఆవిడతోనే కాలవ గట్టు మీద నడిచేది.

ముక్కు మీద కోపం మాత్రం నన్నింకా వదల్లేదు. మొన్న బజార్లో మా మనవడు బొమ్మల కొట్టు చూసి చెయ్యి విదిలించుకోబోయాడు. నా వేళ్ళు బిగుసుకున్నాయి, తిట్టు నోటిదాకా వచ్చింది. అంతలో వేళ్ళ మధ్య ఆ దారం తగిలినట్టయింది. పట్టు కాస్త సడలించి, వాడి వైపు ఒకడుగు వేశాను. వాడు ఆగి, నా మొహంలోకి చూశాడు.