చావు సీనుకు వన్స్‌మోర్

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏడిపించే నాటకం అంటే మా పెదనాయన రాసిందే. ఆయన బడిపంతులు. మంచి పిల్ల, పాడు మేనమామ, చివరికి తండ్రి ఒడిలో ఆ పిల్ల చావు. కథ ఎప్పుడూ ఇంచుమించు ఇదే. చదువుకున్నవాళ్లు నవ్వేవారు. జనం మాత్రం బండ్లు కట్టుకొని వచ్చి ఏడ్చేవారు.

బడి మానేశాక నేను నంద్యాల గ్రంథాలయంలోనే చదువుకున్నాను. అక్కడ ఒక ఇంగ్లీషు నాటకకర్త జీవితచరిత్ర దొరికింది. ఆయన రాసినవీ ఇలాంటివే. పండితులు ఈసడించారు, ఊళ్లకు ఊళ్లు కన్నీళ్లు పెట్టాయి. ఆయన నాటకాలు, అవి ఆడిన హాళ్లు, వచ్చిన చప్పట్లు అన్నీ అందులో రాశారు. ఆయన ఇంట్లో ఏడుపు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. పెదనాయన గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

పెదనాయన నాటకంలో తండ్రి వేషం ఆయనదే. పిల్ల వేషం ఆయన కూతురు, మా అక్కది. పద్యానికి అరిచినట్టే జనం ఆ చావుకూ "వన్స్‌మోర్" అని అరిచేవారు. అక్క లేచి, గౌను సర్దుకొని మళ్లీ చనిపోయేది. తెర వెనక్కి వచ్చి నన్ను గిల్లేది. "మే, ఈపొద్దు నన్ను రెండుమార్లు సంపిరి!"

ఒక ఎండాకాలం అక్క విషజ్వరంతో నిజంగానే పోయింది. అంతకుముందే కొలిమిగుండ్లలో ఆడతామని ఒప్పుకొన్న నాటకం ఒకటి మిగిలింది. మాట తప్పలేక పెదనాయన వెళ్లారు. అక్క గౌను నాకు తొడిగి ఒడిలో పడుకోబెట్టుకున్నారు. పద్యం మధ్యలోనే ఆపేసి ఆయన నా మీదికి వంగారు. నా చెంప తడిసింది. జనం అదీ నటనే అనుకున్నారు.

"వన్స్‌మోర్!"

ఆయన కదల్లేదు. ముందు వరసలోంచి ఒకాయన కేకేశాడు. "ఏందప్పా, పోయినసారి పాప అయితే టక్కున లేసి మళ్లా సచ్చె గదా! ఆ పాప యాడికి పాయ?"

నేను లేవబోయాను. పెదనాయన నా తల మీద చెయ్యి పెట్టి ఆపారు.

"లేదప్పా. ఇంగ లేయదు."

నన్ను భుజాన వేసుకొని స్టేజీ దిగారు. అక్క పోయిందని మా ఊరివాళ్లెవరో చెప్పినట్టున్నారు, జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆ తర్వాత ఆయన నాటకం రాయలేదు.

ఇప్పటికీ చావు జరిగిన ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ "ఎట్ల జరిగింది?" అని అడుగుతారు. ఆ తల్లో తండ్రో ప్రతిసారీ ఆ చావును మళ్లీ మొదటినుంచి చెబుతారు. నేను అడగను. పక్కన కూర్చొని, వాళ్లు మంచినీళ్లు తాగారో లేదో చూస్తాను.