బిందె మీది ఇంటిపేరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు తన ఫోను నా ముందు పెట్టి, అమెరికాలో ఇద్దరు స్నేహితులు ఒక వ్యానునే ఇల్లుగా చేసుకుని, ఈ సముద్రం ఒడ్డు నుంచి ఆ సముద్రం ఒడ్డు దాకా ఆ దేశమంతా అడ్డంగా తిరుగుతున్న వీడియో చూపించింది. ఆ వ్యానులో పడక ఉంది, పొయ్యి ఉంది, మడిచి పెట్టుకునే బల్ల ఉంది, చేతులు కడుక్కోవడానికి కుళాయి కూడా ఉంది. ఇందులో వింతేముంది, మేమూ ఇట్లా తిరిగినవాళ్ళమే అన్నాను. ఆ పిల్ల కోయంబత్తూరులోనే కంప్యూటరు ఆఫీసులో పని చేస్తుంది, తాత చెప్పేదంతా సగానికి తగ్గించి వినడం అలవాటు. మా కుళాయి ఒక ఇత్తడి బిందె అని చెప్పి, దానివల్ల ఒక పెళ్ళి ఎలా చెడిందో, మళ్ళీ ఎలా కుదిరిందో చెప్పడం మొదలుపెట్టేసరికి ఆమె ఫోను పక్కన పెట్టింది.

మిల్లు కూత విని గడియారం సరిచేసుకున్న కాలం నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కోయంబత్తూరులో మా మిల్లు వాళ్ళకు ఒక పాత వ్యాను ఉండేది. నెలకొకసారి దాని నిండా నూలు కట్టలు వేసుకుని, దారిలో ఉన్న మగ్గాల ఊళ్ళన్నీ తిరిగి, మదురై దాకా పోయి రావాలి. తోలేది నేను. నూలు చూపించి, సన్నదనం లెక్కన నలభయ్యో నంబరు ఎవరికి, అరవయ్యో నంబరు ఎవరికి అని ఆర్డర్లు రాసుకునేది నా స్నేహితుడు. పది పన్నెండు రోజులు ఆ వ్యానే మాకిల్లు. నూలు కట్టల మీద జంపఖానా పరిస్తే మెత్తటి పరుపు, వెనక తలుపు దించితే వంటబల్ల. కిరసనాయిలు స్టవ్ మీద నేను వండిన రసం తాగి ఇంకా బతికి ఉన్నానంటే అది కారమడై రంగనాథస్వామి దయే అని నా స్నేహితుడు ఊరూరా చాటేవాడు. వాడిది కారమడై. అమ్మ చిన్నప్పుడే పోయింది, నాన్న మేము మిల్లులో చేరిన ఏడే పోయాడు, అమ్మవైపు వాళ్ళు ఎప్పుడో తేయాకు తోటలకు వలసపోయి జాడ లేకుండా పోయారు. వాడికి మిగిలినవి ఒట్టన్‌చత్రంలో ఒక మేనత్త, ఇంట్లో ఒక ఇత్తడి బిందె. ఆ బిందె వాడు ఎక్కడికి పోతే అక్కడికి వచ్చేది.

మదురైలో మిల్లు పనివాళ్ళ లైను ఇళ్ళ దగ్గర వీధి కుళాయి ఉండేది. ఒకసారి వాడు బిందె పట్టుకుని వరసలో నిలబడి, నీళ్ళు త్వరగా తెమ్మని అరుస్తున్న నన్ను తెలుగులో తిడుతూంటే, ముందున్న అమ్మాయి వెనక్కు తిరిగి, మన మాట మాట్లాడేవాళ్ళు ఇంత గట్టిగా తిట్టుకోకూడదని చెప్పి, తన బిందె పక్కకు జరిపి వాడి బిందె ముందు నింపుకోనిచ్చింది. అంతే. ఆ తర్వాత నాలుగు నెలలు, మదురై పోయిన ప్రతిసారీ, మా వ్యానులో నీళ్ళు ఎప్పుడూ నిండుగానే ఉన్నాయి. అవసరం ఉన్నా లేకపోయినా వాడు కుళాయికి పోయేవాడు. వాళ్ళూ మనవాళ్ళేనని, నాయన మిల్లులో మేస్త్రి అని, ఇంట్లో తాతదే మాట అని తెలుసుకున్నాడు. అయిదో నెల, ఒక మంగళవారం పొద్దున, ఇద్దరం తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని, పెద్దవాళ్ళు ఎవరూ లేకుండా మేమే పిల్లను అడగడానికి పోయాం. అది మొదటి తప్పు. రెండో తప్పు నేను చేశాను.

పిల్ల తాత, ఆ పెద్దాయన, మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఊరు అడిగాడు, పని అడిగాడు, అన్నిటికీ తల ఊపాడు. తర్వాత "మీది ఏ ఇల్లు, తంబీ?" అన్నాడు. తరాలుగా ఇక్కడ తమిళనాట ఉంటున్న మన తెలుగువాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. మిల్లు పుస్తకంలో పేరుకు ముందు ఒక పొడి అక్షరం తప్ప ఇంటిపేరు రాసుకునే అలవాటు పోయి ఎన్నో తరాలైంది. అది ముసలివాళ్ళ నోట్లోనే ఉంటుంది, పెళ్ళిమాటల వేళ మాత్రమే బయటికి వస్తుంది. ఇంటిపేరు ఒకటే అయితే అన్నాచెల్లెళ్ళు, ఇక ఆ మాట అక్కడితో సరి. నా స్నేహితుడికి తన ఇంటిపేరు తెలియదు. చెప్పవలసినవాళ్ళు చెప్పకుండానే పోయారు. వాడు నేల చూపులు చూస్తూంటే నాకు జాలీ వేసింది, పౌరుషమూ వచ్చింది. నేను చదివింది తమిళ బడిలోనే అయినా, మా అవ్వ పొయ్యి బూడిదలో నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. నాలుగేళ్ళుగా ఆ బిందె మెడ మీద కొట్టించిన అక్షరాలు రోజూ చూస్తున్నవాణ్ణి. "పాలగుట్ట వాళ్ళండీ" అని ఠపీమని చెప్పేశాను.

లోపల పిల్ల గాజుల చప్పుడు ఆగిపోయింది.

"మేమూ పాలగుట్టోళ్ళే గదప్పా. అన్నకు చెల్లెల్ని ఎట్ల ఇచ్చేది? మోరు తాగి పొండి" అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు, బాధగానే అన్నాడు. శుక్రవారం పళని వైపు నుంచి వేరే సంబంధం వాళ్ళు వస్తున్నారని, మాకు చెప్పాలనే కాబోలు, పిల్ల తల్లి అయిన తన కోడలితో అన్నాడు. ఆ మజ్జిగ గ్లాసు నేను ముట్టకుండానే లేచాను.

వ్యాను ఉసిలంపట్టి దాటినా వాడు ఆర్డర్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు పడి నేనూ తేలికపడేవాణ్ణి. ఆండిపట్టిలో మగ్గాల వాళ్ళకు నలభయ్యో నంబరు బదులు అరవయ్యో నంబరు ఇచ్చి, వాళ్ళు పిలిచి చెబితే క్షమించమని కూడా అనకుండా మార్చి ఇచ్చాడు. బుధవారం మధ్యాహ్నం, నేను వండిన అన్నం ముందు పెట్టుకుని, ఉన్నట్టుండి తలెత్తి, "నాకే తెలియని పేరు నీకు ఎవురు చెప్పినార్రా?" అని అడిగాడు. బిందె చెప్పింది అన్నాను. వాడు దాన్ని దగ్గరికి లాక్కుని, చదవలేని ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది మా అమ్మది" అన్నాడు.

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పెళ్ళికూతురు వెంట పంపే సామానంతటి మీదా పుట్టింటివాళ్ళు తమ పేరు కొట్టించి పంపడం మన ఆచారం. ఆ బిందె అమ్మ తన పెళ్ళికి తెచ్చుకున్నదైతే, పాలగుట్ట అనేది ఆమె పుట్టింటివాళ్ళ పేరు, వాడిది కాదు. అట్లా కాక పెళ్ళయ్యాక నాన్న కొని తన పేరు కొట్టించినదైతే, పెద్దాయన మాటే ఖాయం. ఏది నిజమో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒకత్తే ఉంది, ఒట్టన్‌చత్రంలోని మేనత్త. ఆ అన్నం అలాగే మూతపెట్టి వ్యాను ఎక్కాం. పెరియకుళం, బత్తలగుండు మీదుగా పోతూంటే వాడు బిందెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను తోలుతూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. వాడి కోసం ఎంత మొక్కానో నా కోసమూ అంతే మొక్కాను. నా నోటి దురుసుతనం ఇద్దరు మనుషుల జీవితాలు చెడగొట్టిందన్న బరువు మోసుకుని బతకడం నావల్ల అయ్యేది కాదు.

గురువారం తెల్లవారి ఒట్టన్‌చత్రం కూరగాయల సంతలో అత్త వంకాయల గంపల మధ్య కూర్చుని ఉంది. మేము చెప్పింది మొదటినుంచి చివరిదాకా విని, బిందె అడిగి తీసుకుని, కొంగుతో తుడిచి, అడుగున ఉన్న సొట్టను తడిమి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"చదవేస్తే ఉన్న మతి పోయినట్ల ఉండాది నీ కత. బిందె మింద ఉండేది బిందె ఇచ్చినోళ్ళ పేరురా. మా వదిన కాపరానికి వచ్చిన పొద్దు దీన్ని బండిలోనుంచి దించింది నేను, కింద పడేసి సొట్ట చేసింది నేను. ఆమె పుట్టిల్లు పాలగుట్ట. మేము జొన్నచేలోళ్ళం. ఆడదిక్కు లేకుండా పిల్లను అడిగేదానికి ఎవురు పొమ్మన్నారు మిమ్మల్ని?"

ఆమె ఇంకా చాలా తిట్టింది. మా జీవితంలో అంత తియ్యటి తిట్లు మేము వినలేదు. నా స్నేహితుడు సంత మధ్యలో ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు, నేను వంకాయల గంప చాటున ముఖం తుడుచుకున్నాను. శుక్రవారానికి కోయంబత్తూరులో ఉండవలసిన వ్యానును మదురైకి తిప్పాం. అత్త ముందు సీట్లో, నా స్నేహితుడు వెనక నూలు మీద. నా తోలకం సరిగా లేదని అత్త దిండిగల్లు దాకా చెబుతూనే ఉంది.

పెద్దాయనతో ఆమె పావుగంట మాట్లాడింది. ఎవరి కూతురు ఎవరికి, ఏ ఊరివాళ్ళు ఏ ఊరికి పోయారు అని ఇద్దరూ లెక్క తేల్చుకున్నాక, పెద్దాయన కోడలివైపు తిరిగి, "అట్లంటే మన పిల్ల ఈయనకు వరసకు మేనమామ కూతురయ్యేది గదమ్మా. మరదలు గుమ్మంలో ఉంటే మోరు పోసి పంపించినామే" అన్నాడు. మంగళవారం చెల్లెలైన పిల్ల గురువారం సాయంకాలానికి మరదలైంది. లోపల గాజులు మళ్ళీ చప్పుడు చేశాయి. పళని వాళ్ళకు రావద్దని కబురు పోయింది. నాకు ఇచ్చిన రెండో గ్లాసు మజ్జిగ ఒక్క గుక్కలో తాగేశాను. వ్యాను రెండు రోజులు ఆలస్యమైనందుకు మిల్లు మేనేజరు నా దగ్గర తాళంచెవి లాక్కుని వారం రోజులు పత్తి గోడౌనులో వేశాడు. ఆ వారమంతా నేను ఈల వేసుకుంటూనే పని చేశాను.

పెళ్ళి కారమడైలో జరిగింది. నా స్నేహితుడు పోయి ఇప్పటికి మూడేళ్ళు. ఆ మిల్లు స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి, గడియారం సరిచేసుకోవడానికి కూత లేదు. వాడి భార్య ఆ బిందెలో తులసి మొక్క పెట్టుకుంది. మొన్న పోయినప్పుడు చూస్తే మట్టి తడికి అక్షరాలు సగం మాసిపోయాయి. ఆ ఇంట్లో పిల్లలకు అవి అక్షరాలని కూడా తెలియదు. పెళ్ళిళ్ళు ఎవరికి నచ్చినవాళ్ళతో వాళ్ళకు జరిగిపోతున్నాయి. అది మంచికే, నా స్నేహితుడు పడ్డ రెండు రోజుల నరకం వాళ్ళెవరూ పడనవసరం లేదు.

కథంతా విన్న మా మనవరాలు, "మనది ఏ ఇల్లు, తాతా?" అని అడిగింది. డెబ్భై తొమ్మిదేళ్ళలో నా వాళ్ళెవరూ నన్ను ఆ మాట అడగలేదు. చెప్పాను. ఆ పిల్ల ఫోనులో తమిళంలో రాసుకుని, సరిగ్గా ఉందా అని నాకు చూపించింది. సరే అన్నాను. కానీ ఆమె అటు పోయాక, నేను చెప్పింది మా నాన్న ఇంటిపేరో, మా అవ్వ పుట్టింటి పేరో అని నాకే అనుమానం వచ్చింది. అడుగుదామంటే, నన్ను సంత మధ్యలో నిలబెట్టి తిట్టే అత్త ఎవరూ ఇప్పుడు మిగలలేదు.