రెండు గంటల పది నిమిషాల దూరం

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ నుంచి, ఉత్తర సముద్రంలో ఉన్న మా ఫారో దీవులకు పదమూడు వందల కిలోమీటర్లు. విమానంలో రెండు గంటల పది నిమిషాలని టికెట్ మీద అచ్చేసి ఉంటుంది. అచ్చేసినవాడు ఇక్కడ ఒక్క శీతాకాలం గడిపి ఉండడు. పొగమంచు దిగిందంటే అదే దూరానికి నాలుగు రోజులు పడుతుంది.

ఈ సంగతి హానుస్ కంటే బాగా తెలిసినవాడు లేడు. విమానాశ్రయంలో ఇరవై ఆరేళ్లు ఆయన చేసిన ఉద్యోగం కిటికీలోంచి చూడటం. పొగమంచు కొలిచే యంత్రాలు అప్పటికింకా రాలేదు. లోయ అవతల గుట్ట మీద గొర్రెల కోసం కట్టిన రాతిగోడ ఉండేది. అది కనిపిస్తే విమానం దిగచ్చు, లేకపోతే వెనక్కి మళ్లి నార్వేలో దిగాల్సిందే. ఆయన మాట మీదే పైలట్లు దిగేవారు. పెళ్లికి రావలసినవాళ్లు నార్వేలో చిక్కుకుపోయినా ఊరు తిట్టింది ఆయన్నే.

నలభై తొమ్మిదో ఏట ఆయన కిడ్నీలు పోయాయి. కొత్తది పెట్టాలంటే కోపెన్‌హేగెన్ పోవాల్సిందే. ఆసుపత్రి పిలుపు కోసం మూడేళ్లు ఎదురుచూశాడు. అది అక్టోబరులో ఒక పొద్దున, ఆయన డ్యూటీలో ఉండగా వచ్చింది. కిడ్నీ సరిపోయింది, సాయంత్రం ఆరులోగా ఆసుపత్రిలో ఉండాలి, లేదంటే జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. ఆ రోజుకి ఉన్నది ఒకటే విమానం. పదకొండుకు దిగి, తిరిగి వెళ్తూ ఆయన్ని తీసుకుపోవాలి. బదులు కూర్చోవలసిన మనిషి పడవలు ఆగి పక్క దీవిలో ఉండిపోయాడు. హానుస్ భార్య హెర్బోర్గ్ సూట్‌కేసుతో వచ్చి ఆ గదిలోనే కూర్చుంది.

పదిన్నరకల్లా లోయ తెల్లగా మూసుకుపోయింది. పదకొండుకు తల మీద ఇంజిన్ మోత వినిపించింది. విమానాలతో మాట్లాడే టవర్ నుంచి హెర్బోర్గ్ తమ్ముడు రోగ్వి ఫోన్ చేశాడు.

"బావా, గోడ కనిపించిందా?"

"లేదురా."

"కళ్లద్దాలు తుడుచుకుని చూడు."

"అద్దాలు బాగానే ఉన్నాయి."

"ఇంకో చుట్టు తిరుగుతానంటున్నాడు పైలట్. నువ్వు ఊ అంటే చాలు బావా."

హెర్బోర్గ్ కిటికీకి ముక్కు ఆనించింది. "అదిగో, నల్లగా కనిపిస్తోంది! చెప్పవేం?"

"అది మన కారే."

రెండో చుట్టూ అయిపోయింది. "కనిపించట్లేదు," అన్నాడు హానుస్ ఫోన్‌లో. మోత తూర్పుకు సాగి సన్నబడిపోయింది.

పన్నెండు కాకముందే గాలి మారింది. గోడ రాళ్లతో సహా బయటపడింది. విమానం నార్వేలో దిగి, ఇంధనం నింపుకుని వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నాడు రోగ్వి.

"ఇన్నేళ్లూ నిజమే చెప్పావుగా. ఒక్క అబద్ధానికి ఏం పోయేది?" అంది హెర్బోర్గ్.

"అందులో అరవై మూడు మంది ఉన్నారు."

"వాళ్లలో ఒక్కడి పేరు చెప్పు నాకు."

హానుస్‌కి రెండో పిలుపు రానేలేదు. పదిహేను నెలలకు ఆయన పోయాడు. చచ్చాక అందరూ మంచివాడన్నారు, దానికేం లోటు లేదు.

ఆ అక్టోబరు రోజున మాత్రం, సాయంత్రం ఆరు దాటాక ఆ విమానం దిగింది. అందులోంచి దిగిన ఒక కోటు ఆయన నేరుగా హానుస్ గదికే వచ్చి, నీ మూలంగా రోజంతా పాడైందని అరిచాడు. హానుస్ క్షమించమన్నాడు. హెర్బోర్గ్ సూట్‌కేసు కింద పెట్టి, "మీ పేరేంటి బాబూ?" అని అడిగింది.

ఫిర్యాదు రాసుకుంటుందనుకుని, అతను అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు.