రూల్ మార్చొద్దన్నాను

సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లోని మా ఆఫీసులో ఒక ఫుట్‌బాల్ పోటీ నడుస్తోంది. ప్రతి వారం గెలుస్తుందనుకున్న ఒక్క జట్టు పేరు చెప్పాలి. అది గెలవకపోతే మనం అవుట్. ఒకసారి చెప్పిన జట్టును మళ్లీ చెప్పకూడదు. అందుకే పెద్ద జట్లను చివరి వారాలకని దాచుకున్నాను. "అక్కకు ఆట తెల్వదు" అని మా టీమ్ మహేశ్ నవ్వాడు. పోటీ నడిపేది అతనే.

నిన్న అతని జట్టు ఓడిపోయింది. ఈరోజు లంచ్‌లో నా పక్కన చేరాడు.

"అక్కా, మిగిలినోళ్లు మీరు ఒప్పుకుంటే అవుటైనోళ్లందరికీ ఇంకో ఛాన్స్ ఇద్దాం. సరదా ఆటే కదా!"

"మొదటి వారమే మెయ్‌లింగ్ అవుటైనప్పుడు రూల్ అంటే రూలే అని గ్రూప్‌లో పెట్టింది నువ్వే కదయ్యా?"

ఎదురుగా నూడుల్స్ తింటున్న మెయ్‌లింగ్‌కు విషయం ఇంగ్లీషులో చెప్పాను.

"కెనాట్ లా!" అంటూ, కుదరదన్నట్టు చాప్‌స్టిక్స్ అడ్డంగా ఊపింది.

మహేశ్ మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఇంకా ముగ్గురం మిగిలాం. వచ్చే వారం నేనూ పోవచ్చు. పోతే నా పేరు నేనే కొట్టేసుకుంటాను.

మొండిదాన్నంటారా? కామెంట్లలో అనండి. నాకు ఆట రాకపోవచ్చు గానీ, ఓడిపోవడం వచ్చు.