మానేసినవాళ్లను వెతికిన మేడం

మా మేడం పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. "ఏమీ బాధపడలేదమ్మా, నిద్రలోనే పోయింది" అని ఆవిడ అంటుంటే, "బాధపడలేదని ఎవరు చూశారు, ఎలా తెలిసింది?" అని మేడం అయితే అడిగేవారు కదా అనిపించింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు.

మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండరు. కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. శ్రీనగర్ కాలనీలో చెల్లెలితో కలిసి ఉండేవారు. గుంటూరు యాస, గంజిపెట్టిన నూలు చీర, పక్క ఫ్లాటుకు వినిపించే గొంతు. నేను ఫిల్మ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టును. ఈ చుట్టుపక్కల డాక్టర్లం, మాలాంటివాళ్లం ఏ పరిశోధన చేసినా ఆ వ్యాసం వైద్య పత్రికకు పంపేముందు ఆమెకు చూపించుకునేవాళ్లం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ముందు మాకు ఉప్మా పెట్టేవారు, ఆ తర్వాత మమ్మల్ని ఉతికి ఆరేసేవారు.

వ్యాసం చేతికివ్వగానే ఆమె చేసే మొదటి పని, పైన ఉండే సారాంశం కనిపించకుండా దాని మీద కళ్లజోడు పెట్టె పెట్టడం. "ముందు మీరేం చేశారో చూద్దాం. ఏం సాధించామనుకుంటున్నారో తర్వాత" అనేవారు. ఎంత పేరున్న డాక్టరు రాసినా అదే మర్యాద. పొగడ్త మాత్రం అంత తేలిగ్గా దొరికేది కాదు. "ఇది చదివి ఇంకొకళ్లు మళ్లీ ఇలాగే చేసి చూడగలరమ్మా" అన్నారంటే మాకు సన్మానం జరిగినట్టే.

సినిమాల్లో హీరో వెనక గుంపుగా ఆడే డాన్సర్లకు మోకాళ్ల నొప్పులు ఎక్కువ. వాళ్ల కోసం ఒక ఎముకల డాక్టరుగారూ నేనూ కలిసి కొన్ని వ్యాయామాలు తయారుచేశాం. కొన్ని నెలలు చేయించి చూస్తే, చివరిదాకా వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ నొప్పి తగ్గింది. డాన్సర్లను పనికి పంపే పెద్దాయన మురిసిపోయి, ఇక తన దగ్గరున్న అందరిచేతా ఇవే చేయిస్తానన్నాడు. మేం వ్యాసం పట్టుకుని పెళ్లివారిలా మేడం ఇంటికి వెళ్లాం.

ఆమె వేలు మధ్యలో మానేసినవాళ్ల దగ్గర ఆగింది. అందరికీ ఒకటే కారణం రాసి ఉంది, షూటింగ్ అని. మా ప్రాంతంలో దానికి మించి ఎవరూ అడగరు. డాన్సరు రాలేదంటే పని దొరికిందనే అనుకుంటాం, దొరికినందుకు సంతోషిస్తాం కూడా.

"వీళ్లందరికీ ఒక్కసారే పని దొరికిందా? ఇండస్ట్రీ అంత బాగుందేంటండీ?" అన్నారు మేడం.

డాక్టరుగారికి చిరాకేసింది. "వెళ్లిపోయినవాళ్లతో మనకేం పని మేడం? పూర్తిచేసినవాళ్ల లెక్క రాస్తే చాలదా?"

"సినిమావాళ్లు ఓకే అయిన టేకే చూపిస్తారు. అది వాళ్ల పని. మనం ఓకే కానివి కూడా చూపించాలి. రేపు అంతమంది మీ మాట నమ్మి మోకాళ్లు వంచుతారండీ."

ఆ వారంలోనే నన్ను వెంటబెట్టుకుని కృష్ణానగర్ బయలుదేరారు. సందులోకి ఆటో పోదంటే దిగి నడిచారు. మానేసిన డాన్సర్లలో ఒకమ్మాయి గదిలోనే ఉంది. నన్ను చూడగానే కట్టుకట్టిన మోకాలి మీదికి దుప్పటి లాక్కుంది.

"షూటింగ్ ఉండె మేడం, గందుకే రాలే" అంది నాతో.

మేడం ఆ మంచం అంచునే కూర్చున్నారు. "నీ పేరు ఎక్కడా రాయనమ్మా, ఎవరికీ చెప్పను. నొప్పి ఎక్కువైందా?"

ఆ అమ్మాయి కాసేపు తలుపు వైపు చూసింది. "మస్తు ఎక్కువైంది. పాత దెబ్బ ఉండె గద, కూసోని లేసుడు చేస్తుంటే గుంజుడు షురూ అయింది. గట్ల చెప్తే డాన్స్ మాస్టర్ మల్ల పిలుస్తడా? గందుకే అందరం షూటింగ్ అనే చెప్తం."

మిగతావాళ్లనూ వెతికి పట్టుకున్నాం. పాత దెబ్బలున్నవాళ్లలో చాలామందిది అదే కథ. మా వ్యాయామాలు వాళ్ల మోకాళ్లను ఇంకా పాడుచేస్తున్నాయి. పెద్దాయనకు ఫోన్ చేసి వెంటనే ఆపించారు మేడం. వ్యాసం మళ్లీ మొదటినుంచి రాశాం. ఎవరికి తగ్గింది, ఎవరికి పెరిగింది, ఎవరు ఎందుకు మానేశారు, మాకు ఇంకా తెలియనిదేమిటి, అన్నీ పెట్టాం. మొదటి పత్రిక తిప్పి పంపింది. నేను ముఖం వేలాడేసుకుంటే, "మన మోకాళ్లు బాగానే ఉన్నాయి కదమ్మా, ఇంకో గుమ్మం ఎక్కుదాం" అన్నారు. రెండో పత్రిక వేసుకుంది.

ఇప్పుడు మా క్లినిక్‌లో ఏది మొదలుపెట్టినా, ఏం కొలవబోతున్నామో ముందే రాసి పెడతాం. మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడటం కూడా పనిలో భాగమే. ఈ విషయంలో డాక్టరుగారు నాకన్నా మొండి అయ్యారు. మేడం లేకపోయినా ఈ అలవాటు మమ్మల్ని వదలదు, ఆ మాట గట్టిగానే చెప్పగలను.

ఆమెకు క్యాన్సర్ అని తెలిశాక, ఒక ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షిస్తుంటే తనే అడిగి చేరారు. మందు పని చెయ్యలేదు. ఆఖరిసారి చూపించుకోవలసిన రోజుకు లేచి నిలబడే ఓపిక కూడా లేదు.

"ఇంక ఎందుకక్కా, మానేద్దాం. ఫోన్‌లో చెబితే పోతుంది" అన్నారు చెల్లెలు.

"నేను వెళ్లకపోతే నా గురించి ఏం రాసుకుంటారో నీకు తెలుసా?" అని చీర మార్చుకున్నారు.

నేనే తీసుకెళ్లాను. అక్కడి కుర్ర డాక్టరు చాలా మెత్తటి మనిషి. "కాస్త నయమే కదండీ?" అన్నాడు ఆశగా.

"లేదు బాబూ. నాకు పని చెయ్యలేదు. అలాగే రాయండి. ఆకలి పోయింది కూడా ఈ మందు మొదలుపెట్టాకే. అదీ రాయండి."

ఆ మందు గురించి వ్యాసం ఎప్పుడో వస్తుంది. ఆమె పేరుండదు. మందు పని చెయ్యనివాళ్ల లెక్కలో మాత్రం ఆమె ఉంటారు. నాకు అది చాలా గర్వంగా ఉంది.

ఆ కుర్ర డాక్టరు రాయడం అయ్యాక, "ఒకసారి చదివి వినిపించండి" అన్నారు. అతను చదువుతుంటే మేడం కళ్లు మూసుకుని, ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ చివరిదాకా విన్నారు.

"సరిగ్గా ఉంది బాబూ" అని, లేవడానికి నా భుజం కోసం చెయ్యి చాచారు.